పార్కులో ఈవెంట్: నడిచేవాళ్ల వైపు నుంచి విశాఖ వేదికలకు మార్కులు

ఈవెంట్ కంపెనీలు విశాఖలో స్థలం చూసేటప్పుడు అడిగేవి మూడే. ఎంతమంది పడతారు, పార్కింగ్ ఉందా, కరెంటు ఎంత ఇస్తారు. ఈ సమీక్షలో ఆ మూడూ పక్కన పెట్టేశాం. అదే స్థలానికి రోజూ పొద్దున్నే అయిదున్నరకి వచ్చి నాలుగు రౌండ్లు కొట్టే మనిషి వైపు నుంచి చూశాం. ఈవెంట్ ఎంత పెద్దదో ఆయనకి అనవసరం. గేటు తీసుంటుందా, ట్రాక్ మధ్యలో తెగకుండా ఉంటుందా, వాళ్లు సర్దుకుని వెళ్లాక గడ్డి మిగులుతుందా అన్నదే ఆయన లెక్క.

ఒక సంగతి మొదటే చెప్పుకోవాలి. పోస్టర్ మీద మూడు రోజులని ఉన్నంత మాత్రాన పార్కు మూడు రోజులకే మూతపడదు. ట్రస్ (స్టేజీ, లైట్లు మోసే లోహపు చట్రం) దించడం, స్టేజీ కట్టడం, స్టాళ్లకి ప్లైవుడ్ కొట్టడం, వైరింగ్, ఫైర్ వాళ్ల తనిఖీ... ఇవన్నీ నాలుగైదు రోజుల ముందే మొదలవుతాయి. విప్పడానికి ఇంకో రెండు రోజులు. ఆ తర్వాత నేల బాగుచేయడానికి ఎన్నాళ్లు పడుతుందో చాలా ఒప్పందాల్లో రాయనే రాయరు. అసలు గొడవంతా ఈ రాయని రోజుల దగ్గరే. అద్దె షో రోజులకే కట్టించుకుంటే, కట్టడం విప్పడం తాపీగా సాగుతాయి. తొందరపడాల్సిన అవసరం వాళ్లకేముంది? మొదటి లారీ గేటు దాటిన పూట నుంచి ఆఖరి మేకు పీకిన పూట దాకా అద్దె లెక్కేస్తే, అయిదు రోజుల సెట్టింగ్ మూడు రోజుల్లో ఎలా అవుతుందో వాళ్లే చూపిస్తారు.

పెద్ద సభలకి మా లెక్కలో ముందు నిలిచేది ఆంధ్ర యూనివర్సిటీ (ఏయూ) ఇంజనీరింగ్ కాలేజీ మైదానం. 2023 మార్చి 3, 4 తేదీల్లో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్, 2025 నవంబరులో పరిశ్రమల సమాఖ్య సీఐఐ పార్టనర్‌షిప్ సమ్మిట్, 2022 నవంబరులో, 2025 జనవరిలో ప్రధాని సభలు కూడా అక్కడే జరిగాయి. మట్టి నేల కాబట్టి చచ్చిపోవడానికి పచ్చిక లేదు, లారీలు లోపలికి వచ్చినా నేల తట్టుకుంటుంది. చుట్టూ క్యాంపస్ ఉండటంతో ఇళ్ల గోడలకి కొంచెం ఎడం కూడా దొరుకుతుంది. 10కి 8 ఇవ్వొచ్చు. పోయిన ఆ రెండు మార్కులూ ఆటగాళ్లవి. ఈవెంట్ అయ్యాక మట్టిలో మిగిలేవి మేకులు, స్క్రూలు, తెగిన వైరు ముక్కలు, ప్లాస్టిక్ ట్యాగులు. మేకుల కోసం చక్రాల అయస్కాంతం తిప్పుతారు, కానీ అది ఇనుమునే పట్టుకుంటుంది. అల్యూమినియం ముక్క, రాగి తీగ, కత్తిరించిన ట్యాగు మొన దానికి అందవు. వాటికి మనుషులు వరసగా నిలబడి, చీపురు కాకుండా రేక్‌తో గీకుతూ రావాలి. అయస్కాంతం కూడా ఒక దిక్కున ఒకసారి, దానికి అడ్డంగా ఇంకోసారి తిప్పాలి. ఒక్కసారి తిప్పి ‘క్లీనింగ్ అయిపోయింది’ అన్న మైదానంలో సాయంత్రం క్రికెట్ ఆడే పిల్లలు డైవ్ కొట్టకపోతేనే మంచిది.

బీచ్ రోడ్డు పార్కు కాదు కదా అనొచ్చు. కానీ విశాఖలో ఎక్కువమంది నడిచేది అక్కడే, ఎక్కువ ఈవెంట్లు పడేదీ అక్కడే. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ (యుద్ధనౌకల ప్రదర్శన), 2025 జూన్ 21న యోగా దినోత్సవం, నేవీ డే విన్యాసాలు, మధ్యలో మారథాన్లు. వేదికగా దీనికి రెండు గొప్ప సుగుణాలున్నాయి. కింద తారు కాబట్టి ఏమీ నలగదు. ఒక పక్క ఇసుక తీరం ఖాళీగా ఉంటుంది కాబట్టి జనం అటు చెదరగలరు. చిక్కు బారికేడ్ల దగ్గర వస్తుంది. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు గోడలా బారికేడ్ పెట్టేస్తే ఎదురుగా ఇల్లున్న మనిషి రోడ్డు దాటడానికి అర కిలోమీటరు తిరగాలి. మందుల షాపు అవతల పక్కనుంటే మందులు కూడా అవతలే. 50 మీటర్లకొక సందు వదిలి, ప్రతి సందు దగ్గర ఒక వాలంటీర్‌ని నిలబెడితే ఈ గొడవ ముప్పాతిక వంతు తగ్గుతుంది. ఆ సందు కనీసం 1.2 మీటర్లుండాలి, లేకపోతే వీల్‌చైరు, పిల్లల బండి పట్టవు. భద్రత కారణంగా సందు కుదరని రోజులుంటాయి, వీఐపీ వచ్చే పూట ఎవరూ వాదించలేరు. ఆ పూటని ముందు రోజంతా, మర్నాడంతా సాగదీయడం మాత్రం నిర్వాహకుల బద్ధకమే.

అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోని వాళ్లు మిక్చర్ బండ్లవాళ్లు, మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు. ఈవెంట్‌కి వారం ముందే వాళ్లని లేపేస్తారు. లోపల ఫుడ్ కోర్టులో మాత్రం అదే మురీ మిక్చర్ నాలుగింతల ధరకి దొరుకుతుంది. ఫుడ్ కోర్టులో కొన్ని చోట్లు పాత బండ్లకే ఇచ్చిన నిర్వాహకులకి మేం ఎప్పుడూ ఒక మార్కు ఎక్కువే వేస్తాం.

చలికాలం నుంచి వేసవి మొదలు దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి హేచరీల్లో పెడతారు. మన ఈవెంట్ల సీజనూ అదే. రాత్రంతా ఇసుక మీదికి ఫ్లడ్‌లైట్ కొడితే తల్లి తాబేలు గట్టెక్కదు, పిల్లలు వెలుతురు చూసి సముద్రానికి బదులు రోడ్డు వైపు పాకుతాయి. లైట్లని రోడ్డు వైపు వంచి, షో అయిన అరగంటలో ఆర్పేయడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. బీచ్ రోడ్డుకి మొత్తం మీద 6.

ఇక అసలు కష్టం పచ్చికున్న పార్కుల్లో. బీచ్ రోడ్డు మీద వుడా పార్కు, ఊరి నడిబొడ్డున పాత సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్కు రెండూ ఈ జాబితాలోకే వస్తాయి. పార్కు మొత్తం ఒకే ఈవెంట్‌కి ఇచ్చేస్తే 3. మూడో వంతు దాటకుండా, ఒక గేటు, పిల్లల ఆటస్థలం, మరుగుదొడ్లు, ట్రాక్ పూర్తి చుట్టూ వదిలి ఇస్తే 7. అంత తేడా ఎందుకంటే గడ్డి, పైపులు, చెట్ల వేళ్లు.

గడ్డి ఎలా చస్తుందో ముందు చూద్దాం. లాన్ వేళ్లు చాలావరకూ పై 10-15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టిలో గాలి గుల్లలుంటేనే నీళ్లు దిగేది, వేరు ఊపిరి తీసేది. సామాను నిండిన మూడు యాక్సిళ్ల లారీ పాతిక టన్నులకి పైనే ఉంటుంది. ట్రస్ ఎత్తడానికి వచ్చే హైడ్రా క్రేన్ ఖాళీగానే పది టన్నులు దాటుతుంది. అది ఒక్కసారి తిరిగినా పై పొర ఇటుకలా గట్టిపడుతుంది. పైకి గడ్డి రెండు రోజులు పచ్చగానే కనిపించి మనల్ని మోసం చేస్తుంది. మూడో వారంలో చక్రాల జాడలు పసుపు పచ్చని గీతలుగా తేలతాయి. అప్పటికి డిపాజిట్ వాపసు అయిపోయి ఉంటుంది.

నేల తడిగా ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. అందుకని లారీలు రావడానికి రెండు మూడు రోజుల ముందే ఆ భాగానికి నీళ్లు ఆపేయాలి. వాన పడితే ఒక రోజు ఆగాలి. దారి పొడవునా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, అతుకులు ఒకదాని మీదొకటి రాకుండా, లేదా ఇనుప ట్రాక్ ప్లేట్లు పరవాలి. ఒక్క పొర ప్లైవుడ్ హైడ్రా కింద విరిగిపోతుంది. ఆ విరిగిన చెక్క మొన టైరు కంటే ఎక్కువ చేటు చేస్తుంది.

జనం నడిచే చోట పరిచే గ్రీన్ మ్యాట్ ఇంకో పెద్ద శత్రువు. ఫోటోలో బాగుంటుంది, కిందేమో ఎండకి ఉడికిపోతుంది. మూడు నాలుగు రోజులు దాటితే గడ్డి తెల్లబడుతుంది, వారం దాటితే వేరుతో సహా పోతుంది. చిల్లులున్న ప్లాస్టిక్ ఫ్లోరింగ్ పలకలు వాడాలి. అవి దొరక్కపోతే మ్యాట్‌ని రోజూ రాత్రి చుట్టేసి పొద్దున పరచాలి. పని పెరుగుతుంది, నిజమే. లాన్ మళ్లీ వేయడం కంటే తక్కువే.

పైపుల సంగతి మరీ చిత్రం. స్ప్రింక్లర్ పైపు అడుగు లోతున ఉంటుంది. షామియానా మేకు రెండు నుంచి మూడు అడుగులు. మేకు దిగుతుంది, పైపు పగులుతుంది, ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఈవెంట్ రోజుల్లో మోటారు ఆపేసి ఉంటుంది. వాళ్లు వెళ్లిన నాలుగో రోజున మోటారు వేస్తే ఒక చోట బురద గుంట, దాని అవతల లాన్ ఎండిపోయి ఉంటుంది. మేకు పీకేశారు కాబట్టి ఎవరు కొట్టారో తేలదు. దీనికి మందు సెట్టింగ్ ముందు రోజు వేయాలి. తోటమాలిని పిలిచి ఒక్కో వాల్వు తిప్పించి, స్ప్రింక్లర్ తలలు లేచిన చోటల్లా జెండా గుచ్చి, వాటి మధ్య సున్నంతో గీత గీయించాలి. గీతకి అటూ ఇటూ రెండడుగుల్లో మేకు కొట్టకూడదు. అసలు లాన్‌లో మేకులే వద్దంటే ఇంకా మంచిది. 200 లీటర్ల డ్రమ్ము నింపితే 200 కిలోల బరువు, స్తంభానికొక డ్రమ్ము కట్టుకోవచ్చు. కాకపోతే బ్యానర్ల విషయంలో జాగ్రత్త. 20 అడుగులు ఇంటు 10 అడుగుల ఫ్లెక్సీ మీద గంటకు 60 కిలోమీటర్ల గాలి కొడితే తోపు 300 కిలోలు దాటుతుంది. సముద్రపు ఒడ్డున ఆ గాలి పెద్ద వింతేమీ కాదు. పెద్ద ఫ్లెక్సీకి డ్రమ్ములు చాలవు, కాంక్రీటు దిమ్మలు పెట్టాలి, లేదా ఫ్లెక్సీకి బదులు వల గుడ్డ వాడాలి.

చెట్ల దగ్గర నియమం సులువు. మొదలు అడ్డుకొలతకి 12 రెట్ల దూరం వరకు ఏదీ పెట్టకూడదు. మొదలు 30 సెంటీమీటర్లుంటే 3.6 మీటర్లు. ఆ వలయంలో జనరేటర్, వంట పొయ్యి, మొబైల్ టాయిలెట్, లారీ పార్కింగ్ ఏదీ రాకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊళ్లో ఎన్ని చెట్లని పడగొట్టిందో చూసినవాళ్లకి వేరు విలువ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాయి. వాటి వేళ్ల మీద లారీ ఎక్కిస్తే ఇప్పుడేమీ కనపడదు, మరో తుపాను వచ్చినప్పుడు కనపడుతుంది. సీరియల్ లైట్లు చుట్టడానికి మేకులు కొట్టడం కూడా ఆపించాలి, తాడుతో కట్టుకోవచ్చు.

నేల నిజంగా గట్టిపడిందా లేదా అన్నది మాటల్లో తేలదు, డబ్బాతో తేలుతుంది. అడుగు తీసేసిన నూనె డబ్బా ఒకటి తీసుకోండి. స్టేజీ ఉన్న చోట దాన్ని 5 సెంటీమీటర్లు నేలలోకి దిగ్గొట్టి లీటరు నీళ్లు పోయండి, ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. అదే డబ్బాతో ఎవరూ తొక్కని చోట అదే పని చేయండి. రెండు చోట్లా మొదటి లీటరు వదిలేసి రెండో లీటరు లెక్కపెడితే ఎండ, తడి తేడాలు కొంత పోతాయి. తొక్కిన చోట రెట్టింపు దాటితే మట్టి గుల్ల చేయించే ఖర్చు నిర్వాహకుడిదే అని ఒప్పందంలో రాసుకోవచ్చు. గుల్ల చేయడమంటే పారతో తిరగేయడం కాదు. గొట్టపు పళ్ల యంత్రంతో 7-10 సెంటీమీటర్ల లోతున మట్టి బిళ్లలు లాగి, ఆ చిల్లుల్లో ఇసుక, చివికిన ఎరువు నింపి, మూడు నాలుగు వారాలు తొక్కనివ్వకుండా తడపడం.

ట్రాక్ గురించి కూడా చెప్పాలి. రెండు మీటర్ల వెడల్పు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. కేబుల్ ట్రాక్ దాటాల్సి వస్తే నాలుగున్నర మీటర్ల ఎత్తున పైనుంచి తీసుకెళ్లాలి, లేదా వాలు ఉన్న రబ్బరు కేబుల్ ర్యాంపు వేయాలి. కేబుల్ మీద బ్రౌన్ టేప్ అంటించి వదిలేస్తే పొద్దున్న మంచుకి టేపు లేస్తుంది, కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన కాలు అందులోనే పడుతుంది. జనరేటర్ కింద చమురు పట్టే ట్రే ఉండాలి, కారిన డీజిల్ పడ్డ చోట ఏ గడ్డీ మొలవదు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ నుంచి తాత్కాలిక కనెక్షన్ ముందే తీసుకుంటే జనరేటర్ స్టాండ్‌బైకే పరిమితమవుతుంది, పొగా తగ్గుతుంది.

లోడింగ్ వేళలు ఎప్పుడుండాలన్న దగ్గర అందరినీ మెప్పించే జవాబు లేదు. వాకర్లకి ఉదయం 5 నుంచి 8:30, సాయంత్రం 4:30 నుంచి 8 కావాలి. కాబట్టి లారీలు మధ్యాహ్నం రావాలి. కానీ పట్టపగలు ఊళ్లోకి పెద్ద లారీలని ట్రాఫిక్ పోలీసులు అన్ని వేళలా రానివ్వరు. అందుకే అందరూ అర్ధరాత్రి దింపుతారు. ఇనుప పైపులు రెండు గంటలకి నేల మీద పడే చప్పుడుకి పక్క వీధి అంతా లేచి కూర్చుంటుంది. మాకు నచ్చిన పద్ధతి: పెద్ద సామాను ఊరి బయట గోడౌన్లో దింపేసుకుని, 407 చిన్న లారీలు, బొలెరోల్లో పగలు 11 నుంచి 4 మధ్య తేవడం. ట్రిప్పులు పెరుగుతాయి, కళాసీల కూలీ పెరుగుతుంది, పచ్చిక మీద ఒక్కో ట్రిప్పు బరువు మాత్రం నాలుగో వంతుకి పడిపోతుంది.

ఎంవీపీ కాలనీ ఏఎస్ రాజా గ్రౌండ్ లాంటి, చుట్టూ ఇళ్లున్న మైదానాలకి గడ్డి బెంగ లేదు, శబ్దం బెంగ. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర మైకు శబ్దం అక్కడి మామూలు పరిమితి మీద 10 గానీ, మొత్తం 75 గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకే ఉండకూడదు. పండగలకి అర్ధరాత్రి దాకా ఇచ్చే సడలింపు ఏడాదిలో 15 రోజులకి మించదు. కాయితం మీద ఇంత ఉన్నా కొలిచేది ఎక్కడంటే స్టేజీ పక్కనే! కొలవాల్సింది దగ్గరి ఇంటి ప్రహరీ దగ్గర, సౌండ్ చెక్ అప్పుడే. తర్వాత తగ్గించమంటే ఆర్టిస్టు ఊరుకోడు. స్పీకర్ల ముఖం ఇళ్ల వైపు కాకుండా స్టేజీ వీపు ఇళ్లకి పెట్టాలి. బేస్ మాత్రం గోడలు దాటి వెనక్కీ వస్తుంది. సబ్‌ఊఫర్లని వెనక్కి శబ్దం తగ్గేలా అమర్చడం వచ్చిన సౌండ్ మనిషి ఉన్నాడా అని టెండర్‌లోనే అడగాలి. రాత్రి ఊరి రణగొణ తగ్గిపోతుంది కాబట్టి, మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో సరిపోయింది రాత్రి రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. ఇలాంటి మైదానాలకి ఎగ్జిబిషన్ అయితే 6, సంగీత కచేరీ అయితే 3.

చెత్త విషయంలో చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. 100 మందికి మించి పోగయ్యే కార్యక్రమాన్ని లైసెన్సు లేని చోట పెడితే కనీసం 3 పనిదినాల ముందు స్థానిక సంస్థకి, అంటే ఇక్కడ జీవీఎంసీకి చెప్పాలనీ, తడి పొడి చెత్త అక్కడికక్కడే వేరు చేయాలనీ 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. ఈ మాట ఈవెంట్ కంపెనీలకే కాదు, కార్తీక మాసంలో నలభై కుటుంబాలతో వనభోజనాలకి వచ్చే సంఘాలకీ వర్తిస్తుంది. ఉసిరి చెట్టు కింద పులిహోర తిని పేపర్ ప్లేట్లు అక్కడే వదిలి, మర్నాడు ‘కార్పొరేట్ వాళ్లు పార్కు పాడుచేస్తున్నారు’ అని అర్జీ పెట్టేవాళ్లున్నారు.

పార్కు స్థలం జనానికే అన్న సంగతి కోర్టులు ఎప్పుడో తేల్చాయి. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు రోజుల అద్దె, శాశ్వత కేటాయింపు ఒకటి కావు కాబట్టి ఈవెంట్లని ఆ తీర్పు ఆపదు. ఆపాలని మేం కూడా అనడం లేదు. ఈవెంట్ అద్దెతో దీపాలు, బెంచీలు, తోటమాలి జీతం నడిస్తే మంచిదే. ఆ డబ్బు అదే పార్కులో ఖర్చవుతోందో లేదో గేటు దగ్గర బోర్డు మీద రాస్తే సగం కోపం చల్లారుతుంది. అదే బోర్డు మీద ఈవెంట్‌కి 15 రోజుల ముందే సెట్టింగ్ మొదలయ్యే తేదీ, గేట్లు తిరిగి తెరిచే తేదీ, తెరిచి ఉండే గేటు, డ్యూటీ ఇంజనీరు ఫోను నంబరు తెలుగులో ఉండాలి. ‘నిర్వహణ పనుల నిమిత్తం’ అన్న అట్ట ముక్క వేలాడదీస్తే ఎవరూ నమ్మరు.

ఆఖరుగా బుకింగ్ కేలండర్. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల పొడిగా ఉంటుంది, బరువు తట్టుకుంటుంది, అందుకే అందరికీ ఆ నెలలే కావాలి. కానీ గడ్డి నెమ్మదిగా ఎదిగేదీ అప్పుడే, వానాకాలంలో నెలలో కోలుకునే మచ్చ చలికాలంలో రెండు మూడు నెలలు తీసుకుంటుంది. అందుకని ఒకే లాన్ మీద సీజన్‌కి రెండు ఈవెంట్లకి మించి ఇవ్వకూడదు, మధ్యలో కనీసం ఆరు వారాలుండాలి. రెండోసారి స్టేజీ వేరే మూల వేయించాలి. ఫిబ్రవరి ఆఖర్లో విప్పిన స్టేజీ కింద మచ్చకి జూన్ వానల దాకా ట్యాంకర్ నీళ్లే దిక్కు. ఆ ట్యాంకర్ బిల్లు డిపాజిట్ లోంచి కోస్తామని ఒప్పందంలో రాసుకోకపోతే, అది పార్కు ఖాతాలోంచే పోతుంది.